నూకరాజు ఎడమకాలు

ధవళేశ్వరంలో గోదావరి గట్టుకి ఆనుకుని సుభద్రమ్మగారి ఆశ్రమం ఉండేది. సందేహాలతో వచ్చేవాళ్ళ చేతికి ఆవిడ ముందు ఏదో ఒక పని ఇచ్చేవారు. వత్తులు చెయ్యడమో, చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యడమో. చేతులు పనిలో పడ్డాక కూడా ప్రశ్న మిగిలి ఉంటే అప్పుడు వినేవారు. చాలామంది ప్రశ్నలు చిక్కుడుకాయలతో పాటే అయిపోయేవి. ఆశ్రమంలో కూరలకి ఎన్నడూ ఆలస్యం కాకపోవడానికి అదీ ఒక కారణం.

ఆ రోజు జోగారావు పళ్ళెం నిండా చిక్కుడుకాయలు ఒలిచాడు. ప్రశ్న మాత్రం కరగలేదు.

"అమ్మా, మనిషిని ఎంతవరకు నమ్మొచ్చు?" అని అడిగాడు.

"ఏ మనిషిని?"

జోగారావు గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నూకరాజుని. ఆ పెట్రోలంతా కారే తాగుతోందో, దారిలో ఇంకెక్కడికైనా పోతోందో నాకు అనుమానంగా ఉందమ్మా. కడియంలో నాకు తెలిసిన డ్రైవరు ఒకడున్నాడు. మీరు ఊఁ అంటే సోమవారం నుంచి వస్తాడు."

అమ్మగారు ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. "రేపు విశాఖపట్నం వెళ్తున్నాం కదా. తిరిగొచ్చాక చెబుతాను," అని ఒలిచిన చిక్కుడుకాయలు వంటింట్లోకి పంపించేశారు.

నూకరాజు ఆశ్రమంలో డ్రైవరుగా చేరి పదకొండేళ్ళు. గోశాల వెనక గదిలో కాపురం. వంటింట్లో పప్పు రుబ్బేది అతని భార్యే. ఇప్పుడు అతనికి యాభై ఎనిమిదేళ్ళు. పెట్రోలు దొంగ అనిపించుకుని బయటికి పోయిన ఆ వయసు మనిషి చేతికి మళ్ళీ స్టీరింగు ఇచ్చేవాళ్ళెవరు? ఆ సంగతి జోగారావుకీ తెలుసు. దొంగకి ఇల్లూ వాకిలీ ఉన్నంత మాత్రాన దొంగ కాకుండా పోడు కదా అని అతను సర్దిచెప్పుకున్నాడు.

జోగారావు రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు టిక్కెట్ కలెక్టరుగా చేశాడు. బండిలో నిద్రపోయే ప్రతివాడూ టిక్కెట్టు లేకే నిద్ర నటిస్తాడని అతని గట్టి నమ్మకం. సగం సార్లు అది నిజమే అయ్యేది కూడా. అదే అతన్ని పాడు చేసింది. రిటైరై, ఏడాదిన్నర కిందట అమ్మగారి దగ్గర చేరి, ప్రయాణాల ఏర్పాట్లు తన చేతిలోకి తీసుకున్నాక కూడా ఆ నమ్మకం అతనితోనే వచ్చింది. నల్లకోటు మాత్రమే వదిలేశాడు.

కారు విషయం ఏమిటంటే, భీమవరం రొయ్యల వ్యాపారి ఒకాయన కొత్తది కొనుక్కుని పాతదాన్ని ఆశ్రమానికి ఇచ్చాడు. జర్మనీ బండి. ఇరవై రెండేళ్ళ వయసు. తోలు సీట్లు, వాటి మీద అమ్మగారు తుండుగుడ్డ పరుచుకుని కూర్చునేవారు. దానికి క్లచ్చు లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. హైవే మీద లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తుందని ఇచ్చినాయన చెప్పాడు. జోగారావు వచ్చిన కొన్ని నెలలకి లెక్క చూసుకోవడం మొదలుపెట్టేసరికి ఆరున్నర ఇస్తోంది. అంతకుముందు ఎంత ఇచ్చేదో ఎవరూ చూడలేదు. చూడలేదంటే అప్పటినుంచీ పోతోందన్నమాటే అని జోగారావు తేల్చుకున్నాడు.

తేల్చుకుని ఊరుకోలేదు. పెట్రోలు మూత మీద సన్నని కాగితం అంటించి దాని మీద సంతకం పెట్టేవాడు. బంకుకి వెళ్ళినప్పుడల్లా దాన్ని చించి, పెట్రోలు నింపాక కొత్తది అంటించేవాడు. నెలకి సరిపడా కాగితాలు ముందే సంతకాలు చేసి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. కాగితం ఒక్కసారీ చిరిగి కనిపించలేదు. అంటే వీడు మనం అనుకున్నదానికంటే ఘనుడన్నమాట, అనుకున్నాడు. బంకులు మార్చాడు. ఏదో వంకతో నూకరాజు చెయ్యి పట్టుకుని వాసన చూశాడు. సబ్బు వాసన వచ్చింది. పొద్దున్నే అంత సబ్బు ఎందుకు వాడినట్టు?

మర్నాడు ఉదయం ముగ్గురూ బయల్దేరారు. రాజమండ్రిలో ట్యాంకు నిండా పోయించి, కాగితం అంటించి, జోగారావు ఎప్పటిలాగే డ్రైవరు వెనక సీట్లో ముందుకి వంగి కూర్చున్నాడు. అమ్మగారు ఆ పక్క కిటికీ దగ్గర, ఒళ్ళో రాగి చెంబుతో.

"లారీ, లారీ! నెమ్మది!" అన్నాడు జోగారావు. రాజానగరం దాటాక, "ఇప్పుడెందుకు తొక్కావు?" అన్నాడు. జగ్గంపేట దగ్గర, "ఇప్పుడెందుకు వదిలేశావు?" అన్నాడు. "ఆపు, ఆపు! ఆ మూత దగ్గర ఏదో చప్పుడైంది," అని ఒకసారి దిగి చూసొచ్చాడు. ఏమీ లేదు. కత్తిపూడి దాటాక వెనకే వస్తున్న అరటిగెలల లారీ ఒకటి హారన్లు కొట్టుకుంటూ వాళ్ళని దాటింది. దాటుతూ ఆ లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి, కారు వెనక వైపు చూపించి, గుప్పిలి మూసి తెరిచి, ఏదో అరిచాడు. నూకరాజు తల ఊపాడు.

జోగారావుకి ఒళ్ళంతా కళ్ళయ్యాయి. వీడికీ వాడికీ సైగలా? ఏ ఊళ్ళో కలుసుకుందామని? చప్పున నోట్‌బుక్కు తీసి లారీ నంబరు రాసుకున్నాడు.

తుని దాటాక టీ కొట్టు దగ్గర ఆగారు. అమ్మగారు టీ తాగరు. మోకాళ్ళు సాగదీసుకోవడానికని దిగి, కారు ముందు చక్రం దగ్గరికి వెళ్ళి, చెంబులో వేళ్ళు ముంచి, ఊచల సందుల్లోంచి లోపలి ఇనప పళ్ళెం మీద నాలుగు చుక్కలు చిలకరించారు. ఇంట్లో ఆడవాళ్ళు దోసెల పెనం కాగిందో లేదో చూసుకునేది అలాగే. నీళ్ళు చుయ్యిమన్నాయి. ఆవిడ వెళ్ళి కార్లో కూర్చున్నారు. కొట్టు దగ్గర నుంచి జోగారావు ఇదంతా చూశాడు. బండికేదో శాంతి చేశారనుకున్నాడు. మరుక్షణమే, ఆవిడకి నూకరాజు ముందే ఏదో చెప్పుకుని ఉంటాడని కూడా అనుకున్నాడు.

విశాఖపట్నంలో మళ్ళీ నింపించి చూస్తే ఆరున్నరే వచ్చింది. జోగారావుకి నిజంగా సంతోషం కలిగింది. ఆధారం దొరికిన సంతోషం. నూకరాజు సామాను ఎప్పటికి ఖాళీ చేయించవచ్చో కూడా ఆలోచించుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తిరుగు ప్రయాణానికి కారెక్కబోతుంటే అమ్మగారు పిలిచారు. "జోగారావూ, ఈ పూట నీకు మౌనం. మన గేటు చేరేదాకా నోట మాట రాకూడదు. కళ్ళు మూసుకుని జపం చేసుకో."

ఆశ్రమంలో మౌనం ఇస్తే కాదనకూడదు. జోగారావు కళ్ళు మూసుకున్నాడు. అనకాపల్లి దాకా ఒక కన్ను అప్పుడప్పుడు తెరిచి చూస్తూనే ఉన్నాడు. ఎదురుగా బస్సు వచ్చినప్పుడల్లా "నెమ్మది" అన్న మాట నాలుక చివరికి వచ్చి ఆగింది. దాన్ని మింగాడు. బస్సు దాని దారిన అది పోయింది. మళ్ళీ లారీ వచ్చింది, మళ్ళీ మింగాడు. నక్కపల్లి వచ్చేసరికి మింగడానికి ఏమీ రాలేదు. కారు చప్పుడు నిన్నటికంటే మెత్తగా ఉన్నట్టు అప్పుడు అతనికి తోచింది.

అదే టీ కొట్టు. అమ్మగారు దిగి అదే చక్రం మీద నీళ్ళు చిలకరించారు. చుక్కలు చప్పుడు చెయ్యకుండా జారి మట్టిలో పడ్డాయి. ఈసారి జోగారావు ఆవిడ పక్కనే నిలబడి ఉన్నాడు.

"నూకరాజూ," అన్నారు అమ్మగారు, "ఈ పూట నీ ఎడమకాలు ఎక్కడుంది?"

నూకరాజు తడబడ్డాడు. "కిందే ఎట్టుకున్నానండమ్మగారూ. ఈ బండిలో దానికి పన్లేదు కదండి."

"నిన్న?"

నూకరాజు జోగారావు వైపు చూశాడు. జోగారావు అడ్డం రావడానికి నోరు తెరిచి, మౌనం గుర్తొచ్చి మూసుకున్నాడు.

"నిన్న బ్రేకు మీదుందండి," అన్నాడు నూకరాజు నెమ్మదిగా. "నిన్ననేంటండి, ఏడాది పైనే అయ్యింది. అయ్యగారు ఎనకనుంచి ఆపు అంటే ఆ చణంలోనే ఆగాలండి. ఓసారి కుడికాలు మార్చి తొక్కేసరికి బండి వంద గజాలు ముందుకెళ్ళిపోయిందండి. ఆ వంద గజాల్లో ఏం దాచావురా అన్నారు. అప్పట్నుంచి ఎడంకాలు దాని మీదే ఉంచేస్తన్నానండి, ఎప్పుడంటే అప్పుడు ఆపడానికి. బండి బరువుగా లాగుతుందని తెలుసు. ముసలిది కదా అనుకున్నానండి. నిన్న ఆ అరటిగెలల లారీ ఆయన అరిచింది కూడా అదేనండి, ఎనకాల బ్రేకు ఎర్రలైటు ఆరట్లేదేంటయ్యా అని. ఈ పూట అయ్యగారు జపంలో ఉన్నారు కదాని..." అని ఆగి, తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. "నా సంగతి ఎటూ తేలిపోయిందని తెలుసండమ్మగారూ. కడియం కుర్రాడు నాకూ తెలిసినోడే, ఆడే చెప్పేడండి. సోమారం తాళాలు ఇచ్చేత్తాను. దొంగనని మాత్రం చెప్పకండి."

జోగారావుకి జవాబు చెప్పుకునే వీల్లేదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి మాట చివరిదాకా, మధ్యలో ప్రశ్న వెయ్యకుండా విన్నాడు.

రాజమండ్రి బంకులో ఆగినప్పుడు అతనే దిగాడు. ఉదయమే కడిగిన కారు ఎండలో తళతళలాడుతోంది. కాగితం చించడానికి వంగాడు. అప్పుడు కనిపించింది. అంత మెరిసే బండి మీద, ఆ కాగితం చుట్టూ మాత్రం అరచేతి వెడల్పున దుమ్ము పేరుకుని ఉంది. ఇన్నాళ్ళూ కాగితం అంచులు చిరిగాయా లేదా అని చూశాడు గాని, చుట్టూ ఏముందో ఒక్కనాడూ చూడలేదు.

"తడిత్తే ఊడిపోద్దని అక్కడ కడగనండి," అన్నాడు నూకరాజు వెనకనుంచి. "ఊడితే మీరు మళ్ళీ..." అని మిగతాది వదిలేశాడు.

జోగారావుకి తన మీద తనకే రోత పుట్టింది. దొంగ అని వేసిన ముద్ర చెక్కుచెదరకుండా, ఈ మనిషి రోజూ పొద్దున్నే తన చేతుల్తో కాపాడుకుంటూ వచ్చాడు. క్షమించమన్న మాట గొంతుదాకా వచ్చింది. ఆశ్రమం గేటు ఇంకా ఆరు కిలోమీటర్లుంది. ఉత్తరీయం కొసతో ఆ దుమ్ము తుడిచాడు. పెట్రోలు నిండాక నోట్‌బుక్కులో మూడుసార్లు లెక్క చేసి చూశాడు. మూడుసార్లూ పది దాటింది. కొత్త కాగితం అంటించలేదు.

గేటు దాటగానే మౌనం తీరింది. జోగారావు దిగి, నూకరాజు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఈసారి వాసన చూడటానికి కాదు. ఏమన్నాడో ఎవరికీ వినిపించలేదు గాని, నూకరాజు "అయ్యో, అంత మాటెందుకండీ" అనడం గోశాల దాకా వినిపించింది.

దీపాలు పెట్టే వేళకి జోగారావు అమ్మగారి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. అడగకుండానే పళ్ళెంలోంచి దూది తీసుకుని వత్తి చెయ్యడం మొదలుపెట్టాడు.

"కడియం డ్రైవర్ని రావద్దని చెప్పేశానమ్మా. నూకరాజే ఉంటాడు. తాళాలు అతని దగ్గరే ఉంచమన్నాను."

"మంచిది. మనిషిని ఎంతవరకు నమ్మొచ్చని కదూ అడిగావు?"

"ఆ ప్రశ్న ఇక లేదమ్మా," అన్నాడు జోగారావు. "నాకు తెలిసిపోయింది. మనసులో ఏమీ మిగల్లేదు."

అమ్మగారు అతని వైపు చూశారు. చొక్కా జేబులోంచి, వచ్చే నెలకని సంతకాలు పెట్టి ఉంచుకున్న కాగితాల కట్ట అంచు తెల్లగా బయటికి కనిపిస్తోంది. ఆవిడ పక్కనున్న రాగి చెంబులో వేళ్ళు ముంచి ఆ జేబు మీద నాలుగు చుక్కలు చిలకరించి, చెవి దగ్గరగా పెట్టి విన్నారు.

"ఇక్కడింకా వేడి తగ్గలేదు నాయనా," అన్నారు.