పామును కట్టేసిన నాంచారమ్మ

అనగనగా అంటే మరీ రాజుల కాలం కాదు తల్లీ. మీ తాతయ్య ఇంకా నిక్కర్లు వేసుకునే రోజుల్లో, కృష్ణ ఒడ్డున ఒక ఊళ్ళో ఒక ఆకుతోట ఉండేది. ఆకంటే తమలపాకు. అవిసె చెట్లు వరసగా నాటి, వాటి మీదికి తమలపాకు తీగల్ని పాకిస్తారు. లోపలికి వెళ్తే ఎండ కూడా పచ్చగానే ఉంటుంది. చెప్పులు బయట విడిచి మరీ వెళ్ళాలి, ఆ తోటంటే అంత భక్తి వాళ్ళకి.

ఆ తోటలో నాంచారమ్మ అని ఒకావిడ తీగలు కట్టేది. జానెడుకొకచోట తీగని ఎండు జమ్ము గడ్డితో చెట్టుకి కట్టాలి. ముడి వేలు దూరేంత వదులుగా ఉండాలి, కానీ ఊడకూడదు. నాంచారమ్మ ముడి ఊడిందన్న మాట ఆ చుట్టుపక్కల ఎవరూ వినలేదు. ఆవిడ తన చేతుల వంక చూసేది కూడా కాదు. పక్క సాలులో వాళ్ళతో కబుర్లు చెబుతూనే టకటకా కట్టుకుపోయేది. కాస్త గీర కూడా ఉండేదిలే.

అయితే ఆవిడకి ఒక్కటంటే ఒక్క భయం. పసరిక పాము. అది పచ్చగా, సన్నగా అచ్చం తీగలాగే ఉంటుంది. ఎగిరి కళ్ళు పొడుస్తుందని ఆ ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. నాంచారమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు. కళ్ళు పోతే ముద్ద పెట్టేవాళ్ళు లేరు. అందుకని ఎండ ఉన్నా లేకపోయినా కొంగు నుదుటి మీదికి లాక్కుని పనిచేసేది.

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక చల్లటి పొద్దున, ఆవిడ కబుర్లు చెబుతూ ఒక ముడి వేసింది. ఆ తర్వాత జానెడు పైన రెండో ముడి వేసింది. ఆ తర్వాత మూడోది వేసి బిగిస్తుంటే చేతికి తీగ మెత్తగా తగిలింది. కొంచెం కదిలింది కూడా. అప్పుడు తలెత్తి చూస్తే ఏముంది, మొహానికి మూరెడు దూరంలో కోసుగా ఒక మూతి. తీగతో కలిపి పాముని కట్టేసింది మహాతల్లి.

అప్పుడు దాని కళ్ళు చూసింది. ఆ పాముకి కంటిపాప అడ్డంగా ఉంటుందమ్మా, తాళంచెవి దూర్చే కన్నంలాగా. కళ్ళ ముందు మూతికి రెండు పక్కలా గాడి ఉంటుంది. ఆ గాడి మీదుగా రెండు కళ్ళతోనూ సూటిగా ఎదురు చూడగలదు, మనం చూసినట్టే. అది నాంచారమ్మని అలాగే చూసింది. ఆవిడ కెవ్వుమంది.

తోట కామందు వీరరాఘవయ్య పరిగెత్తుకొచ్చాడు. “కదలమాక. నే కర్ర తెస్తా,” అని ఊళ్ళో ఉన్న ఇంటివైపు ఉరికాడు.

అప్పుడు నాంచారమ్మకి ఇంకోటి కనపడింది. రెండు ముళ్ళ మధ్య పాము పొట్ట నిండుగా ఉంది. అది లాక్కుంటోంది, పొట్ట ముడి దగ్గర ఆగిపోతోంది. లాగిన కొద్దీ జమ్ము బిగుస్తోంది. చూలుతో ఉందన్నమాట. కర్ర వచ్చేలోపు విప్పితే బతుకుతుంది. విప్పాలంటే మొహం దగ్గరికి పెట్టాలి, కళ్ళు పోతాయి. “వేసిన దాన్ని నేను, ఇంకెవరు విప్పుతారు,” అనుకుంది.

ముందు కింది ముడి విప్పింది. పాము ఏమీ అనలేదు. గాలి వస్తే తీగతో పాటు అదీ ఊగింది, గాలి ఆగితే అదీ ఆగింది. కట్టేసినా దాని వేషం అది మానలేదు.

ఆ తర్వాత నడిమి ముడి పట్టుకుంది. అప్పుడు పాము ఒళ్ళు ఉబ్బించింది. పచ్చ పొలుసుల సందుల్లోంచి నలుపూ తెలుపూ గళ్ళు పైకి వచ్చాయి. పచ్చటి రవికె చిరిగి లోపల గళ్ళ గుడ్డ కనపడినట్టు. అయినా ఆవిడ ముడి వదల్లేదు.

ఆ తర్వాత మూడోది, మెడ కింది ముడి. దానికి మొహం బాగా దగ్గరికి పెట్టాల్సి వచ్చింది, కొంగు జారిపోయింది. పాము మూతి ఆవిడ కళ్ళ ముందే ఉంది. అది కళ్ళ జోలికి రాలేదు. వేలు పట్టుకుంది. నములుతూ వదలకుండా పట్టుకుంది. దాని విషప్పళ్ళు ముందు ఉండవు, నోటి వెనకాల ఉంటాయి. ఆ కాస్త విషం బల్లులకీ కప్పలకీ చాలు. నాంచారమ్మకి మాత్రం వేలు వాచి రెండు రోజులు మంట పుట్టింది, అంతే. అయినా తర్వాత ఆస్పత్రికి వెళ్ళే వచ్చింది. నువ్వు మాత్రం ఏ పాముకీ వేలు ఇవ్వకు, చెబుతున్నా.

ముడి ఊడింది. పాము వేలు వదిలి, జానెడు పైకి పాకి ఆగిపోయింది. అప్పుడు తోక ఎత్తింది. తోక మొదట్లోంచి నీటి బుడగలాంటిది ఒకటి జారింది. గుడ్డు కాదు తల్లీ. బుడగ చిట్లి అందులోంచి దారమంత పిల్ల బయటికొచ్చింది. వచ్చీ రాగానే నాలుక బయట పెట్టి, బిర్రుగా అలాగే పట్టుకుని, లోకాన్ని చూసింది. ఎవరూ నేర్పలేదు దానికి. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. నాంచారమ్మ తొమ్మిది దాకా లెక్కపెట్టింది. పదోది వచ్చేసరికి మొదటివి తీగల్లో కలిసిపోయాయి. అంత దగ్గరున్నా ఒక్కటీ కనపడలేదు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఎందుకో ఆవిడకే తెలీదు.

వీరరాఘవయ్య కర్రతో వచ్చాడు. “ఏదీ?”

“మీ ఎదురుగానే ఉన్నాయండీ. తల్లీ, పిల్లలూ.”

ఆయన ఎంత చూసినా ఆకులే కనపడ్డాయి. అప్పుడు గాలి తగ్గింది. ఒక తీగ కొసన నాలుక ఆడింది. ఆ పక్కనే ఇంకోటి. ఆయన పుట్టి పెరిగిన తోట అది. ఏది తీగో ఏది ప్రాణమో తెలీక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కర్ర ఏ ఆకుకీ తగలకుండా మెల్లిగా నేల మీద పెట్టాడు.

“ఎన్నున్నాయి?” అన్నాడు గొంతు తగ్గించి.

“తెలీదండీ. అన్నీ అవేనేమో అనిపిస్తంది.”

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఆ రోజు ఆ సాలులో మళ్ళీ ముడి పడలేదు.

తీగ చెట్టుకి పాకింది, పిల్ల తీగకి పాకింది,
కథ కంచికి సాగింది, కునుకు మనింటికొచ్చింది.