గాలి దండు వరుసలో గేదె

అమ్మలారా, అయ్యలారా, కాస్త దగ్గరికి జరగండి. స్తంభంలోంచి సగం సింహమై వచ్చిన ఆ స్వామికి ఒక్క దండం పెట్టుకుని మొదలుపెడతాను. ఈ కథ చెప్పేటప్పుడు నాకు కోపం ఆగదు, మీరేమీ అనుకోకండి.

నల్లమలలో ఓ ఎండాకాలం. ఏనుగు సేనాపతి దండులోకి సత్తా గల జంతువుల్ని తీసుకుంటానని చాటింపు వేయించాడు. నేల దండు, నీటి దండు, గాలి దండు. దేని అర్హత దానిదే. ఏడాదికి ఒక్కసారే ఎంపిక. ఏదో ఒక్క వరుసలోనే నిలబడాలి. నిలబడగానే నుదుట ఎర్రమట్టి పూస్తారు, ఇక వరుస మారడానికి లేదు. చేరినవాళ్ల పిల్లలకు వేసవంతా పెద్ద మడుగులో నీళ్లు.

గేదె మాలచ్చికి కావలసింది ఆ నీళ్లే. ఇంటి దగ్గర దూడ నాలుక పిడచగట్టుకుపోతోంది. పైగా వయసు పరిమితి పన్నెండేళ్లు. ఆమెకి ఇదే ఆఖరి ఏడు.

చాటింపు నాడు ఆమె దూరం మేతకు పోయింది. అందుకే, ఎంపిక రోజు పొద్దున్నే, దారిలో రాయెక్కి అందరికీ సలహాలిస్తున్న నక్క జంబులయ్యను అడిగింది.

"మావా, నాకు ఏ దండు కుదురుద్ది?"

"నేల దండులో చెట్టెక్కాలమ్మాయ్, నీ వల్ల కాదు. నీటి దండులో నల్లతోలు పనికిరాదు. నీకు గాలి దండే. అక్కడ బరువే అర్హత."

"గాల్లోకి నేనా!"

"బరువు లేకపోతే గాలికి కొట్టుకుపోరూ?"

నమ్మింది తల్లి. అంతకుముందే ఎలుగుబంటిని, "ఒంటి నిండా జుట్టుంది, దూదిలా తేలతావు" అని నీటి దండుకి తోలాడు ఆ పాపాత్ముడు.

మాలచ్చి నుదుట మట్టి పూశారు. పరీక్ష పెట్టే గద్ద, "ఈ బండ మీంచి ఎగురమ్మా" అంది. పావురాలు పడీపడీ నవ్వాయి. "అక్కా, రెక్కలు ఇంట్లో మరిచొచ్చావా?" అంది రామచిలుక.

మాలచ్చి తల తిప్పి చూసింది. నేల దండు వరుసలో పరీక్ష దుంగ లాగడం! ఉన్న ఖాళీలు రెండే. వరుసలో ఉన్నది జంబులయ్య మేనల్లుళ్లిద్దరే, పక్కనే నిలబడి మురిసిపోతున్నాడు జంబులయ్య. దుంగ జానెడైనా కదల్లేదు. పోటీ లేదు గనక ఉద్యోగాలు వాళ్లకే.

ఆమె కళ్లు నిప్పులయ్యాయి. కొమ్ములు దించింది. కానీ పొడిస్తే, 'నేను సరిగ్గానే చెప్పా, అదే సరిగ్గా వినలేదు' అంటాడు. కోపాన్ని గుటక వేసి ఏనుగు ముందుకు నడిచింది.

"దొరా, తప్పు నాదే. మూడు దండుల అర్హతలూ తెలిసినవాడు ఈ అడవిలో మా మావొక్కడే. ఆయన్ని మీ పక్కన కూర్చోబెట్టుకోండి."

జంబులయ్య తోక గర్వంతో రెండింతలైంది. వచ్చి ఏనుగు పక్కన కూర్చున్నాడు.

"నేల దండుకి చెట్టెక్కాలా మావా?"

"చెట్టేంటే! దుంగ లాగాలి."

"నీటి దండులో తోలు రంగు చూస్తారా?"

"ఎవడు చూస్తాడు? మడుగు ఈదాలి, అంతే."

"గాలి దండుకి బరువు?"

"ఎంత తక్కువైతే అంత మేలు. అసలు ముందు రెక్కలుండొద్దూ, పిచ్చిదానా!"

నీళ్లోడుతున్న ఎలుగుబంటి ముందుకొచ్చాడు. "మరి పొద్దున మాకు అలా చెప్పావేం?"

జంబులయ్య మెల్లగా వెనక్కి జారుకోబోయాడు.

"తెలియక చెప్పానంటే నీ కాళ్లు మొక్కి పోయేదాన్నిరా!" మాలచ్చి రంకెకి ఆకులు రాలాయి. "అన్నీ తెలిసి చెప్పావు! నా దూడ నోటి దగ్గర నీళ్లు నీ మేనల్లుళ్లకి పోశావు!"

ఏనుగు తొండంతో గేదె నుదురూ, ఎలుగుబంటి నుదురూ తుడిచి, "నేల దండు పరీక్ష మళ్లీ" అన్నాడు. మాలచ్చి దుంగను కొండ పైదాకా లాక్కుపోయింది, దాన్ని పట్టుకు వేలాడుతున్న మేనల్లుళ్లతో సహా! ఎలుగుబంటి కిందికి దొర్లించుకొచ్చాడు. రెండు ఖాళీలూ నిండాయి.

ఆ సాయంత్రం దూడ మడుగులో మెడదాకా దిగి తాగింది. జంబులయ్య మాత్రం నాలుక వేలాడేసుకుని, నీళ్లకోసం పక్క అడవి దారి పట్టాడు. దారి అడిగితే ఒక్కరూ చెప్పలేదు.

నీతి: తెలియక దారి తప్పించినవాణ్ణి క్షమించండి, తెలిసి తప్పించినవాణ్ణి నలుగురి ముందూ నిలబెట్టి అడగండి.