కెమెరా పక్కన కుర్చీ

అమెరికాలో సినిమాలు తీసే హాలీవుడ్‌లో ఎల్మర్ ప్రిచర్డ్ అనే నటుడు ఉండేవాడు. కెమెరా తన మొహం మీద లేకపోతే ఒక్క నిమిషం కూడా నిలబడేవాడు కాదు.

తెర మీద ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఒకేసారి తీశారనుకుంటాం. కాదట. ముందు ఒకరి మొహం తీసి, తర్వాత కెమెరా తిప్పి రెండోవారిది తీస్తారట. ఒకరిని తీస్తున్నంతసేపూ రెండోవారు కెమెరా పక్కన నిలబడి తమ మాటలు చెప్పాలి. ఎదుట మనిషి ఉంటేనే కదా మాట పలికేది. ఎల్మర్ మాత్రం తన వంతు కాగానే కోటు వేసుకుని వెళ్లిపోయేవాడు.

ఒకసారి అతనికి తల్లిగా ఏగ్నెస్ లూమిస్ అనే పెద్దావిడ వేసింది. కొడుకును యుద్ధానికి సాగనంపే సీను. తనది అయిపోగానే ఎల్మర్ కోటు అందుకున్నాడు.

"కాస్త ఉండు బాబూ. నీ మొహం చూస్తే నాకు ఏడుపు దానంతటదే వస్తుంది," అంది ఏగ్నెస్.

"ఆ కుర్చీని చూసి ఏడవండి. అది మీ మాటకి అడ్డం రాదు," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆవిడ ఖాళీ కుర్చీని చూసే ఏడ్చింది.

ఏళ్లు గడిచాయి. ఎల్మర్ సినిమాలు ఆడటం మానేశాయి. రెండేళ్లు ఎవరూ పిలవలేదు. చివరికి ఒక దర్శకుడు, "ఒక్క సీను తీసి చూస్తాను. బాగుంటే వేషం నీది, లేకపోతే ఇంకొకరిది," అన్నాడు.

కొడుకు చనిపోయాడని తండ్రి భార్యకు చెప్పే సీను అది. ఎదురుగా నిలబడమని ఎల్మర్ అక్కడున్న నటిని అడిగాడు. ఒకప్పుడు ఆవిడనీ అతను అలాగే వదిలేసి వెళ్లాడు.

"నేను కోటు వేసుకునే వేళయిందండీ," అని ఆవిడ వెళ్లిపోయింది.

దర్శకుడు ఒక కుర్చీ వేయించాడు. ఎల్మర్ ఆ కుర్చీకి రెండుసార్లు చెప్పాడు. ఏడుపు రాలేదు, మాటా పలకలేదు.

"ఇంకొక్కసారి. అంతే," అన్నాడు దర్శకుడు.

పక్క సెట్లో చిన్న వేషం వేసి ఇంటికి వెళ్తున్న ఏగ్నెస్ అది చూసింది. వచ్చి కుర్చీని పక్కకు జరిపి, అక్కడ తాను నిలబడింది.

"మీరా? ఆవేళ నేను మిమ్మల్ని..."

"అది తర్వాత. ముందు మన అబ్బాయి సంగతి చెప్పు."

ఎల్మర్ ఆవిడ కళ్లలోకి చూశాడు. ఈసారి ఏడుపు దానంతటదే వచ్చింది. మాటా పలికింది. దర్శకుడు కెమెరా ఆపించాడు. తర్వాత, "వేషం నీదే," అన్నాడు.

ఆ సినిమా అంతా తన వంతు అయ్యాక కూడా ఎల్మర్ కెమెరా పక్కనే నిలబడ్డాడు. కోటు కొక్కేనికే వేలాడింది.

పిల్లలూ, మన పని అయిపోగానే వెళ్లిపోకూడదు. ఎదుటివాళ్ల పని అయ్యేదాకా తోడు నిలబడటం కూడా మన పనే.