దుప్పి కొమ్ముల బరువు

ఒకప్పుడు దుప్పికి కొమ్ములు ఊడేవి కావు. రెండో ఏట మొలిచేవి, ఏడాదికో కొమ్మ వేసేవి, ఇక ప్రాణం పోయేదాకా పెరుగుతూనే ఉండేవి. ముసలి దుప్పి నడిచొస్తుంటే ఎండిన చెట్టుకి కాళ్ళొచ్చినట్టు ఉండేది. పొదలోకి దూరాలంటే తల అడ్డం తిప్పి, నిలువు తిప్పి, నానా అవస్థా పడేది.

అయినా కొమ్ములంటే దానికి పంచప్రాణాలు. చలి మొదలయ్యే రోజుల్లో ఆడదుప్పుల ముందు నిలబడాలంటే అవే కదా కావాలి! ఆ నెల రోజులూ మగదుప్పులకి తిండి లేదు, నిద్ర లేదు. పొద్దస్తమానం అరవడం, ఇంకో మగది కనిపిస్తే వెళ్ళి ఢీకొట్టడం, అంతే పని. మామూలు రోజుల్లో ఆకు కదిలితే పరుగు తీసే జీవం, ఆ నెలలో మాత్రం పులి పక్కనుంచి పోయినా చూసుకోదు. పెళ్ళికొడుకు చెవికి మేళం తప్ప ఇంకేం వినపడుతుంది చెప్పండి?

వేటగాళ్ళకి కావలసింది అదే.

నల్లమల కొండల్లో పదమూడు గుడిసెల గూడెం ఒకటి ఉండేది. ఆ గూడేనికి దుప్పిని కొట్టుకొచ్చే పని ఈదన్నది. వాళ్ళ నాయన చేశాడు, తాత చేశాడు, ఇప్పుడు ఈదన్న. ఆ పనికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి.

ఒకటి, కొమ్ముల్లేని దుప్పి మీద బాణం వెయ్యకూడదు. అది తల్లి కావచ్చు, కాబోయే తల్లి కావచ్చు. ఇది మంచి మాటే.

రెండోది ఉంది చూశారూ, అదే ప్రాణం తీసేది. మాంసం ఎవరు మోసినా, దుప్పి తలని మాత్రం కొట్టినవాడే కొమ్ములతో సహా భుజానికెత్తుకుని గూడెం చేర్చాలి. దారిలో ఎక్కడా నేలకి తగలకూడదు. తగిలితే నేలతల్లికి కోపమొస్తుంది, అడివి ఎండిపోతుంది, ఆ మాంసం మనిషన్నవాడు ముట్టకూడదు. పెద్దలు అలా చెప్పారు. పెద్దలు చెప్పాక ఎదురు అడిగేదెవరు?

నిరుడు ఈదన్న ఆ తల మోస్తూ వాగు దాటుతుంటే మోకాలు మెలికపడింది. ఒడ్డు మీద పడ్డాడు. కొమ్ము కొన బురదలో దిగింది. అంతే, మాంసమంతా నక్కలకి వదిలేసి, మొయ్యడానికి వచ్చిన గూడెం వాళ్ళు ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. ఈదన్నని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి ఏడాది పొడుగునా అనిపించింది.

ఈసారి వానలు సరిగా లేవు. ఇప్పపూవు అయిపోయింది, తేనె అయిపోయింది. మిగిలింది అడివి గడ్డలు, అవీ లోతుకి తవ్వితే గాని దొరకడం లేదు. చంటిపిల్లల తల్లులకి పాలు తగ్గిపోయాయి. గూడెం అంతా ఈదన్న వైపే చూస్తోంది.

తెల్లవారుతూనే అతని పెళ్ళాం బయమ్మ భుజానికి ఇప్పనూనె రుద్దింది. ఎముక మీద చర్మం కాయకట్టి నల్లబడి ఉంది.

"ఏమయ్యా, ఈ భుజంతో ఇంకో తల మోస్తావా?" అంది.

"మొయ్యకపోతే ఎట్టనే?"

"చిన్నకొమ్ముల దాన్ని చూసి కొట్టు."

"చిన్నవి అరుపుకి రావే. వచ్చేదంతా ముసల్దే. దానికే రోషం ఎక్కువ."

"నీకు మల్లేనా?" అంది బయమ్మ. ఈదన్న నవ్వుతూ లేవబోయాడు, కానీ మోకాలు నొప్పి పుట్టి ఆగిపోయాడు.

విల్లు, మూడు బాణాలు, రెండు పాత కొమ్ముముక్కలు తీసుకుని కొండెక్కాడు. ఆ కొమ్ముముక్కలు ఒకదానికొకటి తగిలిస్తే రెండు మగదుప్పులు పోట్లాడుతున్నట్టే వినిపిస్తుంది. ఆ చప్పుడు వింటే మూడోది ఆగలేదు. నా లోయలో ఎవడు వాడని ఉరుక్కుంటూ వస్తుంది. వచ్చి బాణానికి ఎదురు నిలబడుతుంది.

"గాలీ, ఎదురు వీచవే. నా వాసన దానికి పోనీకు," అన్నాడు ఈదన్న.

"వీస్తాలే," అంది గాలి ఆవలిస్తూ. "నెల నుంచీ వీటి అరుపులు ఈ కొండ నుంచి ఆ కొండకి మొయ్యలేక చస్తన్నా. ఈ వయసులో నీకెందుకు ఈదన్నా ఈ తిరుగుడు?"

"ఇంకెవురున్నారే తిరగడానికి?"

గాలి చెప్పినట్టే ఎదురు వీచింది.

లోయలో ఒక బండ చాటున కూర్చుని ఈదన్న కొమ్ములు తగిలించాడు. టకటక, టకటక. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని దుప్పిలా అరిచాడు. పొద్దు పైకొచ్చింది. మళ్ళీ తగిలించాడు, మళ్ళీ అరిచాడు. గొంతు బొంగురుపోయింది. మిట్టమధ్యాహ్నం అవుతుండగా పొదలు కదిలాయి.

వచ్చింది దుప్పి. ఈదన్న జన్మలో అంత పెద్ద కొమ్ములు చూడలేదు. ఒక్కో వైపు తొమ్మిదేసి కొమ్మలు! కింద చూస్తే మాత్రం ఒళ్ళే లేదు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నుదుటి మీద దెబ్బ పచ్చిగా ఉంది.

"ఎవడ్రా నా లోయలో..." అని రంకె వెయ్యబోయింది. మధ్యలో దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక తల తిప్పి చూస్తే బండ పక్కన మనిషి, మనిషి చేతిలో విల్లు.

పారిపోతుందేమోనని ఈదన్న గబుక్కున బాణం సంధించాడు. అది పారిపోలేదు.

"నువ్వా అరిచింది?" అంది. "బాగానే అరిచినావు. నేనింకా ఎవురో కుర్రదనుకున్నా. ఇరవై రోజుల్లో పదకొండు దుప్పుల్తో కొట్లాడినా. ఇంక నాకు పరుగెత్తే ఓపిక లేదు. వేసేదుంటే వెయ్యి."

ఈదన్న వెయ్యలేదు. అతని చూపు కొమ్ముల మీదే ఉంది.

"నిన్ను కొట్టడం లెక్క కాదు," అన్నాడు. "ఈ తల నేను యాడికని మొయ్యాల? రెండు కొండలు దిగాల, ఒక వాగు దాటాల."

"నేను తొమ్మిదేండ్ల నుంచి మోస్తన్నా. నీకు ఒక్క పూట బరువైందా?"

ఆ మాటకి ఈదన్న విల్లు పట్టుకునే బండకి చేరగిలబడ్డాడు. దుప్పి కూడా ముందుకాళ్ళు మడిచి కూలబడింది. అయితే గడ్డం మాత్రం నేలకి ఆనించలేదు. మెడ వణుకుతున్నా తల ఎత్తే ఉంచింది.

"ఆనించుకోరాదూ?" అన్నాడు ఈదన్న.

"ఆనిస్తే మళ్ళీ లేపలేను. నీ బాధేంది?"

ఈదన్న తన బాధ చెప్పాడు. వాగు సంగతి, బురద సంగతి, నేలతల్లి కోపం సంగతి అన్నీ చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి కింద నేల సన్నగా కదిలింది.

"ఎవురు సెప్పినార్రా ఈదా, నాకు కోపమొస్తాదని?"

నేలతల్లి గొంతు అది. కోపంగా లేదు. నొచ్చుకున్నట్టు ఉంది.

ఈదన్న బిత్తరపోయి రెండు చేతులూ నేలకి ఆనించాడు. "మా పెద్దోళ్ళు తల్లీ!"

"కట్టెలమోపు నా మీదే దించుతారు. నీళ్ళకుండ నా మీదే దించుతారు. చంటిబిడ్డను పండబెట్టేది నా మీద. సచ్చినోణ్ణి దాచేది నాలో. ఇన్ని మోసేదాన్ని, ఒక దుప్పి తల నాకు బరువా? మీ ముత్తాత మంచి బలంగలోడు. తన మాదిరి ఇంకెవురూ మొయ్యలేరని అనిపించుకునేదానికి ఆ మాట పుట్టించినాడు. వాని గొప్పకు మీరు మూడు తరాలు భుజాలు అరగదీసుకున్నారు. నన్ను అడిగినోడు ఒక్కడు లేడు."

నిరుడు వాగు ఒడ్డున నక్కలకి వదిలేసిన మాంసం ఈదన్న కళ్ళ ముందు కదిలింది. అది తినుండొచ్చు. శుభ్రంగా కడుక్కుని పిల్లలకి పెట్టుండొచ్చు.

దుప్పి అతన్నే చూస్తోంది. "ఐతే ఇంక నీకు అడ్డమేం లేదు," అంది. "నన్ను కొట్టి, తల దించుకుంటా దించుకుంటా పోవచ్చు."

నిజమే. ఈదన్న విల్లెత్తాడు. బక్కదైనా పదమూడు గుడిసెలకి రెండు పూటలు వస్తుంది.

"నువ్వూ దించు బిడ్డా," అంది నేలతల్లి దుప్పితో. "తొమ్మిదేండ్లు చాల్లే. ఆ కొమ్ములు నాకియ్యి."

"కొమ్ములు లేకపోతే నేనెవుర్ని తల్లీ? ఆడదుప్పులు నా మొహం చూస్తాయా?"

"ఈ ఏటికి నీ పని అయిపోయె. వచ్చే చలికి కొత్తవి నేనిస్తా. రాలిన ఆకు తీసుకుని చిగురియ్యకుండా యానాడన్నా ఉన్నానా?"

ఈదన్న నారి చెవిదాకా లాగి పట్టుకున్నాడు. అతనికి లెక్క తెలుసు. ఆ కొమ్ములు ఊడిన మరుక్షణం కట్టుబాటు అడ్డమొస్తుంది. కొమ్ముల్లేని దాన్ని కొట్టకూడదు. కొడితే ఇప్పుడే కొట్టాలి. ఎదురుగా ఆ దుప్పి మొహం, దిగిపోయిన కళ్ళు, ఆనించడానికి భయపడుతున్న మెడ. ఇప్పనూనె రుద్దేటప్పుడు బయమ్మకి రోజూ కనిపించే తన మొహం ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు.

నారి మెల్లగా వదులు చేశాడు.

"దించేదేదో తొందరగా దించు," అన్నాడు. "నా మనసు మారకముందే."

దుప్పి గడ్డం నేలకి ఆనించింది. టప్పుమని ఒక కొమ్ము ఊడింది. తల ఇంకో పక్కకి ఒరిగించింది, రెండోదీ ఊడింది. బరువు లేని తల ఒక్కసారి పైకి లేచిపోయి దుప్పి వెల్లకిలా పడబోయింది. తమాయించుకుని నిలబడి అటూ ఇటూ తల ఊపి చూసుకుంది. తర్వాత ఇరవై రోజుల ఆకలి గుర్తొచ్చి, అక్కడే మనిషి పక్కనే, వంగి గడ్డి మెయ్యడం మొదలుపెట్టింది. ఈదన్నకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

కొమ్ములు తీసుకుని ఇంటి దారి పట్టాడు. దారిలో ఎన్ని చోట్ల దించాడో అతనికే తెలియదు.

దూరం నుంచి కొమ్ములు చూసి గూడెంలో కేకలు పుట్టాయి. ఆడవాళ్ళు పొయ్యిల మీద ఎసరు పెట్టేశారు. ఈదన్న వచ్చి, అందరి మధ్యా కొమ్ములు నేల మీద పెట్టాడు.

"అయ్యో, నేలకు తగిలె!" అన్నారు.

అతను జరిగినదంతా చెప్పాడు. మాంసం లేదని కూడా చెప్పాడు. ఆడవాళ్ళు పొయ్యిల మీది ఎసరు దించేశారు. చంకలో పసిబిడ్డతో నిలబడ్డ చిన్నక్క అనే పిల్లతల్లి మాత్రం ముందుకొచ్చింది. నిరుడు ఆమె పెద్దబిడ్డ ఆ చలికాలం దాటలేదు.

"ఈదన్న మామా," అంది. "ఐతే నిరుడు పారేసింది తినుండొచ్చునా?"

"తినుండొచ్చు తల్లీ."

చిన్నక్క అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. బిడ్డని ఒళ్ళో పండబెట్టుకుంది. బయమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. తర్వాత ఉడికిన గడ్డలు తెచ్చి అందరికీ పంచింది. ఆ చలికాలం పదమూడు గుడిసెలూ గడ్డలతోనే గడిపాయి. మరుసటేడు దుప్పిని కొట్టినవాళ్ళు తలని వంతులేసుకుని, దించుతూ దించుతూ తెచ్చుకున్నారు.

అప్పటినుంచే దుప్పికి జత కట్టే కాలం అయిపోయాక కొమ్ములు ఊడిపోతాయి. ఊడిన వాటిని ముళ్ళపంది కొరికి, వాన నానబెట్టి, నేల తీసేసుకుంటుంది. మళ్ళీ మెత్తటి నూగుతో కొత్త కొమ్ములు మొలుస్తాయి. అందుకే అడివిలో ఎప్పుడైనా దుప్పి కొమ్ము కనిపిస్తే పాపం చచ్చిపోయిందే అనుకోకండి. ఎక్కడో దగ్గర్లోనే అది తేలిక తలతో గడ్డి మేస్తూ ఉంటుంది.