భద్రాచారి చిమ్మనగ్రోవులు

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టకమునుపు, మంజులపురాన్ని విక్రమసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు చిమ్మనగ్రోవులంటే ప్రాణం. వసంతోత్సవంలో రంగునీళ్లు చిమ్ముకునే ఆ ఇత్తడి గొట్టాలను ఒక మందిరం నిండా సేకరించాడు. వాటిలో మేలైనవన్నీ కంచరి భద్రాచారి చేసినవే. అతను కాలం చేశాక రాజు అతని పేరును కంచరివీధి ద్వారం మీద చెక్కించాడు.

ఒకనాడు శ్రీగుప్తుడనే వర్తకుడు ఒక చిమ్మనగ్రోవిని సభకు తెచ్చాడు. గొట్టం పొడవునా అతుకు గీత ఉన్న అదొక్కటే భద్రాచారి స్వయంగా చేసిందన్నాడు. అతుకు లేనివన్నీ ఎవరో చేసినవనీ, భద్రాచారి వాటిని తనవని చెప్పి రాజును మోసగించాడనీ అన్నాడు. తనను మందిరానికి అధికారిని చేస్తే నకిలీలన్నీ ఏరివేస్తానన్నాడు.

రాజు మనసు విరిగింది. ద్వారం మీద పేరు చెరిపేయమన్నాడు.

ఆ మాట భద్రాచారి కూతురు పేరిందేవి చెవిన పడింది. గిన్నెలకు కళాయి పూస్తున్నదల్లా ఆ మసిచేతులతోనే సభకు పరుగెత్తింది. మందిరంలోంచి తాను చెప్పిన మూడు చిమ్మనగ్రోవులూ, ఒక గంగాళం నీళ్లూ తెప్పించమని వేడుకుంది. రాజు సరేనన్నాడు.

మొదటిది చేతిలోకి తీసుకుంది. నిజం చెప్పాలంటే నిండు సభలో తండ్రి తప్పు చెప్పాలి. అయినా చెప్పింది.

"మహారాజా, ఇది మా నాన్న ఈ పని పట్టిన మొదటి ఏడాది చేసింది. రేకు చుట్టి అతికాడు. అతుకు దగ్గర కారేది."

నీళ్లు నింపి నొక్కింది. సగం నీళ్లు ఆమె మోచేతి మీదుగా కారిపోయాయి. సభ గొల్లుమంది. పేరిందేవి తల వంచుకుంది గాని ఆగలేదు.

రెండోది చూపించింది. అది అతుకు లేకుండా పోతపోసింది. కారదు, కానీ రంగుపొడి గొట్టం కొసనున్న ముక్కులో చిక్కుకుంటే తీసే దారి లేదు. అందుకే మూడో ఏడు తండ్రి ముక్కుకు మర పెట్టాడని చెప్పి, మూడోదాని ముక్కు తిప్పి ఊడదీసింది. కడిగి మళ్లీ బిగించి చిమ్మింది. నీటిధార సభాస్తంభం కొసను తాకింది. నవ్వులు ఆగిపోయాయి.

అప్పుడు శ్రీగుప్తుడు తెచ్చినదాన్ని అందుకుంది. మొదటిదాని లోపలా, దీని లోపలా వేలు పెట్టి చూడమని రాజును కోరింది. మొదటిదాని లోపల అతుకు వేలికి తగిలింది. దీని లోపల నున్నగా ఉంది.

"అతుకు ఉంటే లోపలా ఉండాలి, ప్రభూ. ఇది పైన గీసిన గీత" అంటూ పేరిందేవి దాని ముక్కు తిప్పింది. అది చేతిలోకి ఊడివచ్చింది. "మర మూడో ఏడు వచ్చింది. ఇదీ అతుకు లేకుండా మా నాన్న చేసిందే. గీత మాత్రం ఈయనది."

రాజు ద్వారం మీద పేరు చెరపవద్దని ఆజ్ఞాపించి, శ్రీగుప్తుణ్ణి పొలిమేర దాటించాడు. పేరిందేవిని మందిరానికి అధికారిణిని చేసి, ఏనుగు మీద ఊరేగించాడు. కంచరులు పళ్లేలు మోగిస్తూ వీధులన్నీ వెంట నడిచారు.

తన పనిలో తప్పు ఒప్పుకొని దిద్దుకున్నవాడి పేరే కలకాలం నిలుస్తుంది.