జ్ఞానులు ఎందరు?

రేపల్లెలో కెజియా అనే అమ్మాయి ఉండేది. తనకు తెలుసనుకున్నది మళ్ళీ చూసుకోవడమంటే ఆమెకు మహా నామోషీ. అయినా తెలివైనది. టీవీ క్విజ్‌లో సెమీఫైనల్ దాకా వెళ్ళింది. ఫైనల్ చూడడానికి చర్చివాళ్ళు ముందే బస్సు మాట్లాడేశారు.

సెమీఫైనల్లో ఆమెకు పోటీ హుమేరా అనే కాలేజీ పిల్ల. ఇద్దరి మార్కులూ సమానమయ్యాయి. చివరి ప్రశ్న వచ్చింది. "బైబిలు ప్రకారం, బాలయేసును చూడడానికి వచ్చిన జ్ఞానులు ఎందరు?"

కెజియా గంట నొక్కేసింది. "ముగ్గురు."

"కరెక్ట్," అన్నాడు యాంకర్.

"అందులో లెక్క చెప్పలేదు కదండీ," అంది హుమేరా. యాంకర్ నవ్వేసి కెజియాను ఫైనల్‌కు పంపాడు.

బయటికొచ్చాక హుమేరా ఆమె దగ్గరికొచ్చింది. "అక్కా, అది ఎక్కడుందో ఫోన్లో పంపిస్తారా? నేను సరిగా చదవలేదేమో."

"మత్తయి రెండో అధ్యాయం. ఇంటికెళ్ళగానే పంపిస్తాలే," అంది కెజియా దర్జాగా.

ఇంటికొచ్చి బైబిలు తెరిచింది. తూర్పు దేశపు జ్ఞానులు అని ఉంది. బంగారం, సాంబ్రాణి, బోళం ఉన్నాయి. ముగ్గురని మాత్రం ఎక్కడా లేదు. అధ్యాయమంతా మళ్ళీ మొదటినుంచి చదివింది.

ఏటా చర్చిలో క్రిస్మస్ నాటకం ఆడించేది వాళ్ళ మామ్మే. "మామ్మా, మన నాటకంలో జ్ఞానులు ముగ్గురే ఎందుకు?"

"అంగీలు మూడే ఉన్నాయి కదే. నాలుగోదానికి ముఖమల్ గుడ్డ చాల్లేదు."

"మరి బైబిల్లో?"

"ఉందనే అనుకున్నాం. ఎవరు చూశారు?"

కెజియా కూలబడి, హుమేరా ఫోన్లో పంపమన్న సంగతంతా చెప్పింది. "ఇప్పుడు చెప్తే ఫైనల్ పోతుంది."

"పోతుంది. పాస్టరుగారు నీ పేరుతో బ్యానర్ కూడా రాయిస్తున్నారు."

"అయితే చెప్పొద్దంటావా?"

"నేనేమీ అనలేదు తల్లీ. పాపం, ఆ పిల్ల ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటుంది, అంతే."

కెజియా ముందు హుమేరాకు ఫోన్ చేసింది. "నువ్వు చదివిందే నిజం. నేనే చూడకుండా చెప్పాను." తర్వాత టీవీవాళ్ళకు చేసింది.

"వదిలేయండి మేడమ్, మీరే కదా గెలిచింది," అన్నాడు యాంకర్.

"గెలిచింది నేను కాదండీ. ఆ అధ్యాయం మీరూ ఒక్కసారి చదవండి."

చదివారు. తప్పు ఒప్పుకుని ఫైనల్‌కు హుమేరాను పిలిచారు. చర్చిలో రెండు ఆదివారాలు కెజియాతో కొందరు సరిగా మాట్లాడలేదు. ఒకాయనైతే "మన పిల్లే మనల్ని ముంచింది" అన్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది గానీ, రాత్రిళ్ళు హాయిగా నిద్ర పట్టేది.

ఫైనల్‌కు ముందు హుమేరా ఫోన్ చేసింది. "అక్కా, వెంట ఒకరిని తెచ్చుకోవచ్చట. మీరొస్తారా? పక్కన మీరుంటే నాకు ధైర్యం."

కెజియా వెళ్ళింది. హుమేరా గెలిచినప్పుడు అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది.

తెలుసనుకున్నది మళ్ళీ చూసుకోవడం చిన్నతనం కాదు. తప్పని తెలిశాక దాన్ని దాచుకోవడమే చిన్నతనం.