మూడు చుక్కల ఉత్తరీయం

ఒకానొక రాజ్యంలో నేరాలకంటే తీర్పులే ఎక్కువగా ఉండేవి. ఆ రాజ్యం పేరు కుందవరం. దాన్ని ఏలే ప్రభువు చండకేతు మహారాజు. తండ్రి పోయి సింహాసనం ఎక్కిన మొదటి ఏడాదే ఆయన తనకు తానే ‘న్యాయమార్తాండ’ అనే బిరుదు ఇచ్చుకున్నాడు. ఇచ్చిన చేత్తోనే పుచ్చుకున్నాడు కూడా.

ఆ ఆస్థానంలో ఒక ఆచారం ఉండేది. రాజు నోటితో చెప్పిన తీర్పు వెంటనే అమలు కాదు. ఆస్థాన లేఖకుడు నేరాన్నీ విచారణనూ తీర్పునూ ఒక కథగా తాటాకుల మీద రాసి, మర్నాడు ఉదయం నిండుసభలో చదవాలి. రాజు విని ముద్ర వేయాలి. అప్పుడు గాని తలారి కత్తి కదలదు. ఆ తర్వాత కథ ప్రతులు ఊరూరికీ వెళ్ళేవి. జనం చెవులు రిక్కించుకుని వినేవారు. తమది కానంతవరకు కష్టం ఎవరికైనా వినసొంపుగానే ఉంటుంది.

ఆ లేఖకుడు తిరుకాళయ్య. ఇరవై ఏళ్ళుగా గంటం పట్టినవాడు. మాటకు పదునున్నవాడని పేరు. అయినా ఆ పదును అరుదుగానే వాడేవాడు. రాసిన కొద్దీ ఆయన మనసులో ఒక సంగతి ముల్లులా మెదిలేది. ప్రతి కథకూ ఒక కొసన దొంగ ఉంటాడు, రెండో కొసన రాజు ఉంటాడు. ఆ రెండు కొసల నడుమ ఎందరో మనుషులు. దొంగను కన్న తల్లి, చూసి కూడా నోరు విప్పలేనివాడు, విప్పి చెడిపోయినవాడు. వాళ్ళెవరికీ కథలో పేరుండదు. ‘ఒక స్త్రీ ఏడ్చెను’ అని రాసి, గంటం ముందుకు జరిపేయడమే.

ఒకనాడు మేదరి ఓబుళేసును భటులు పెడరెక్కలు విరిచికట్టి సభలోకి తెచ్చారు. బుట్టలల్లే యువకుడు. నుదుట బాసికం ఇంకా ఉంది. పెళ్ళి ఊరేగింపు మధ్యలో పట్టుకొచ్చారు. వాడి భుజం మీది పట్టు ఉత్తరీయం కొంగు గాలికి ఎగిరినప్పుడు, మూలన నల్లజీడి రసంతో పెట్టిన చాకలిగుర్తు ఒక భటుడి కంటబడింది. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది గదా. అది సూర్యబింబం. రాజుగారి గుర్తు.

“నా ఉత్తరీయం నీ భుజం మీదికి ఎలా వచ్చిందిరా?” అని గర్జించాడు రాజు.

“భుజం మీద వేశారు, వేసుకున్నాను దొరా! అది ఎవరిదో, ఎలా వచ్చిందో నాకేం తెలుసు?”

“వేసిందెవరు?”

ఓబుళేసు తల దించుకున్నాడు. మళ్ళీ నోరు మెదపలేదు. జనంలో ఒక స్త్రీ వెక్కి వెక్కి ఏడ్చింది. తిరుకాళయ్య అలవాటు ప్రకారం ఆ మాట రాసుకున్నాడు.

“దొంగకు మాట పెగలదు” అన్నాడు రాజు తృప్తిగా. “వీడి కుడిచేయి నరకండి. రేపు తిరుకాళయ్య కథ చదవగానే!”

బుట్టలల్లేవాడికి కుడిచేయి పోతే మిగిలేదేమిటని సభలో ఎవరూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం తిరుకాళయ్య వసారాలో కూర్చుని మొదటి ఆకు మీద గంటం పెట్టాడో లేదో, అరుగు కింద నుంచి గొంతు వినబడింది.

“బాబుగారూ!”

చాకలి మాచమ్మ. ఉదయం సభలో ఏడ్చిన స్త్రీ ఈమేనని ఆయనకు అప్పుడు తెలిసింది. కోటలో బట్టలూ ఆమే ఉతుకుతుంది, తిరుకాళయ్య ఇంటి బట్టలూ ఆమే ఉతుకుతుంది.

“నేనే వేశాను బాబూ ఆ పిల్లాడి భుజం మీద. వాడు నా పేరు చెప్పలేదు. చెప్పినా బాగుండేది. నేను పోయి ఒప్పేసుకుంటాను.”

“ఒప్పుకుంటే వాణ్ణి వదిలేస్తారనుకున్నావా? వాడి చెయ్యీ పోతుంది, నీ చెయ్యీ పోతుంది. రాజుగారికి ఒకటి బదులు రెండు కథలు. కూర్చో. అసలేం జరిగింది?”

మాచమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “మా వాడల్లో పెళ్ళికొడుక్కి పట్టుబట్ట ఎక్కణ్ణుంచి వస్తుంది బాబూ? ఉతకడానికొచ్చిన బట్ట ఒక్కపూట కప్పి, మళ్ళీ ఉతికి, గుట్టుగా ఇచ్చేస్తాం. మా అత్త నాటినుంచీ ఉన్నదే. నేనెప్పుడూ ఒక్క బట్టే వాడతాను.” ఆమె గొంతు సన్నబడింది. “మీదే, బాబూ. హంసల అంచుది.”

“ఎరుగుదును” అన్నాడు తిరుకాళయ్య.

“ఎరుగుదురా!”

“ఉతికొచ్చిన పట్టుకు పసుపు వాసన ఎందుకొస్తుందో తెలియనంత అమాయకుణ్ణి కాను. ఒకసారి మడతలో రెండు తలంబ్రాలు కూడా దొరికాయి. నా భుజం మీదకంటే అక్కడే దానికి ఎక్కువ గౌరవం జరుగుతోందని ఊరుకున్నాను.”

ఆ ఉత్తరీయానికి ఒక జంట ఉంది. పెద్ద మహారాజు బతికున్న రోజుల్లో ఒకే మగ్గం మీద, ఒకే హంసల అంచుతో రెండు నేయించాడు. ఒకటి తాను ఉంచుకున్నాడు. రెండోది తిరుకాళయ్యకు నిండుసభలో కప్పాడు. రెంటికీ తేడా మూలనున్న గుర్తొక్కటే. దానిది సూర్యబింబం, దీనిది మూడు చుక్కలు.

“మాచమ్మా, నా ఉత్తరీయం వేశాననుకుని రాజుగారిది వేశావు. సరే. మరి నాది ఏమైంది?”

మాచమ్మ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. తర్వాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

“కోట మూటలో వెళ్ళిపోయింది బాబూ! ఎన్ని బట్టలు తెచ్చానో అన్నీ అప్పజెప్పాను. తక్కువైతే గదా వాళ్ళు అడగడానికి!”

తిరుకాళయ్య గంటం కింద పెట్టాడు. ఈ సంగతి రాజుకు ఎదురుగా చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. తాను పరాయి బట్ట కట్టానన్న అవమానం రాజు భరించలేడు. ఆ కోపం ఈమె మీద పడుతుంది. ఎవరో తప్పు చూపిస్తే చిన్నబోయే మనిషి, తన మాట తనకే ఎదురొచ్చి నిలిస్తే ఏం చేస్తాడు? అది కూడా ఖాయంగా చెప్పలేం. అయినా వెళ్ళడానికి ఉన్నది ఆ ఒక్క దారే.

“రేపు ఏ వారం?” అని అడిగాడు.

“శుక్రవారం బాబూ. రాజుగారు హంసల అంచు వేసుకునే రోజు. ఓబుళేసు దగ్గర పట్టుకున్న దాని గుర్తు చూశారే గానీ, అంచు చూడలేదు.”

“సభకు రా. నేను పిలిచేదాకా ఏడవకు.”

మర్నాడు సభ కిక్కిరిసింది. ఒక మూల ఓబుళేసు సంకెళ్ళతో ఉన్నాడు. వాడి పక్కనే తలారి ఉన్నాడు. స్తంభం చాటున, పెళ్ళిచీరతోనే నిలబడిన చిన్నది వాడి కుడిచేతిని చూస్తూ ఉంది, ఇంక చూడ్డానికి దొరకదన్నట్టు.

రాజు వచ్చాడు. భుజం మీద హంసల అంచు ఉత్తరీయం. తిరుకాళయ్య కళ్ళు దాని ఎడమ కొంగు మీద నిలిచాయి. దీపారాధన చేస్తూ తానొకసారి కాల్చుకున్న చిన్న రంధ్రం, దాని మీద తన భార్య వేసిన రఫ్ఫు. సందేహం లేదు.

“ఈ రోజు ఉత్తరీయం ఎందుకో మెత్తగా ఉంది” అన్నాడు రాజు ఆసనంలో సర్దుకుంటూ. “ఏదో వాసన కూడా వస్తోంది.”

“చందనం ప్రభూ” అన్నాడు మంత్రి చతురంగయ్య. “తమ శరీరానికి సహజంగా ఉన్న పరిమళం.”

తిరుకాళయ్య కథ చదివాడు. ఊరేగింపు వచ్చింది, గాలి వచ్చింది, భటుడు వచ్చాడు. తీర్పు దగ్గర ఆయన ఆగాడు.

“ఇక్కడ కొంచెం ఖాళీ ఉంచాను ప్రభూ. ఈ కథ ఊరూరా చదువుతారు. వినేవాళ్ళకు జాలి ఎక్కువ, బుద్ధి తక్కువ. ‘పాపం, తెలియక వేసుకున్నాడేమో, ఎవరిచ్చారో అడగలేదేం?’ అంటారు. వాళ్ళ నోరు మూయించడానికి ప్రభువుల వాక్కు కావాలి.”

రాజు ముఖం వికసించింది. మీసం సవరించుకుని, గొంతు సవరించుకుని అందుకున్నాడు.

“రాసుకో. పరాయి గుర్తున్న వస్త్రం ఎవరి ఒంటిమీద కనబడితే వాడే దొంగ. ఎలా వచ్చింది, ఎవరిచ్చారు, తెలిసి వేసుకున్నాడా, తెలియక వేసుకున్నాడా అనే ప్రశ్నలు బలహీనుల న్యాయానికి చెందినవి. మార్తాండుడి న్యాయం ప్రశ్నలడగదు.”

“అందరికీ ఇదేనా ప్రభూ? పెద్దవారికి ఏమైనా మినహాయింపు…”

“మినహాయింపా! నా కన్నకొడుకైనా సరే. నేనైనా సరే!”

సభ జేజేలు కొట్టింది. చతురంగయ్య కళ్ళొత్తుకున్నాడు. తిరుకాళయ్య అక్షరం పొల్లుపోకుండా రాసి ముందుకు చాచాడు. రాజు ముద్ర వేశాడు.

తలారి ఓబుళేసు చేయి పట్టుకున్నాడు. అప్పుడు తిరుకాళయ్య చేతులు జోడించాడు.

“ప్రభూ, అదే కత్తికి ఇంకో పని ఉంది. నాదీ ఒక ఫిర్యాదు. నా ఉత్తరీయం కూడా పోయింది. మూడు చుక్కల గుర్తు.”

“నా లేఖకుడి బట్టా పోయిందా! ఎవడా దొంగ? దొరికాడా?”

“దొరికాడు. ఈ సభలోనే, ఇప్పుడే, ఒంటిమీదే కనబడుతోంది.”

సభలో అందరూ తమ తమ కొంగుల వైపు చూసుకున్నారు. చతురంగయ్య అయితే ఉత్తరీయం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పేరు చెప్పు! మంత్రి అయినా విడిచిపెట్టను.”

“చెప్పేముందు ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగనివ్వండి ప్రభూ. అది ఎలా వచ్చిందని.”

“ప్రశ్నలు లేవన్నాను గదయ్యా! ముద్ర ఆరకముందే మరిచిపోయావా?”

“చిత్తం. అయితే పేరు చెప్పను. నోరు రావడం లేదు. ప్రభువులు దయచేసి తమ ఎడమ భుజం మీది కొంగు ఒక్కసారి తిప్పి చూసుకోవాలి.”

రాజు కొంగు తిప్పాడు. మూడు నల్లని చుక్కలు, పక్కన రఫ్ఫు. ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత పాలిపోయింది. ఆయన సింహాసనం మీంచి సగం లేచి అరిచాడు.

“ఇదేమిటి! భుజం మీద వేశారు, వేసుకున్నాను! ఇది ఎవరిదో, ఎలా వచ్చిందో నాకేం తెలుసు?”

తిరుకాళయ్య తొందరపడలేదు. చేతిలోని ఆకుల కట్టలో నిన్నటి ఆకు ఏరి తీశాడు.

“ఈ మాట నిన్ననే రాశాను ప్రభూ. ‘భుజం మీద వేశారు, వేసుకున్నాను దొరా! అది ఎవరిదో, ఎలా వచ్చిందో నాకేం తెలుసు?’ చెప్పినవాడు మేదరి ఓబుళేసు. ఈనాటి వాక్కు కోసం కొత్త ఆకు తీయనా, ఇదే సరిపోతుందా?”

తలారి పట్టు దానంతట అదే వదులైంది. రాజు సగం లేచినవాడు అలాగే ఉండిపోయాడు. ఆయన చూపు చేతిలోని కొంగు మీదికి పోయింది. అక్కణ్ణుంచి ఓబుళేసు చేతి మీదికి పోయింది. అది మామూలు చెయ్యి. వెదురు బద్దలు కోసిన గీతలు అరచేతి నిండా ఉన్నాయి. నిన్న ఆ చేతిని ఆయన చూడలేదు.

నెమ్మదిగా కూర్చున్నాడు. పదేళ్ళ పాలనలో ఆ సింహాసనం నుంచి ఎన్నడూ రాని ప్రశ్న వచ్చింది.

“ఎలా జరిగింది?”

తిరుకాళయ్య జనం వైపు చూశాడు. మాచమ్మ ముందుకొచ్చింది. వాడల్లో పెళ్ళిళ్ళ సంగతి, రెండు ఉత్తరీయాల పోలిక, మూట మారడం, అన్నీ దాచకుండా చెప్పింది.

“అంటే నా భుజం మీదున్నది…” రాజు ఆగాడు. “ఇది ఎందరు పెళ్ళికొడుకుల మీద తిరిగింది?”

“నలభై ముగ్గురి మీద మారాజా. అందరూ చల్లగా కాపురాలు చేసుకుంటున్నారు. దాని చలవే అనుకుంటారు మావాళ్ళు.”

రాజు కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

“చతురంగయ్యా, నా శరీరానికి సహజంగా పసుపు వాసన వస్తుందని నాకింతవరకు తెలియదు సుమా!”

మంత్రి ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక నేల చూశాడు. రాజు పెదవి అదిరింది. బిగపట్టుకుందామనుకున్నాడు, వల్లకాలేదు. పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. రాజు నవ్వాక సభ నవ్వింది. సంకెళ్ళలో ఉన్న ఓబుళేసు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

“ఆ శాసనం ఇలా ఇవ్వు. నా చేతికి కూడా ముప్పు తెచ్చేలా ఉంది” అని రాజు తాను ముద్ర వేసిన ఆకును తానే విరిచేశాడు. “వాడి సంకెళ్ళు తీయండి. ఊరేగింపు ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే సాగనివ్వండి. నా ఉత్తరీయం వాడి భుజం మీదే ఉండాలి. ఆ తర్వాత అది మాచమ్మ దగ్గరే ఉంటుంది, నలభై అయిదో పెళ్ళికి, ఆ పై పెళ్ళిళ్ళకు. సూర్యబింబం కనబడినా ఏ భటుడూ తాకగూడదు.”

“మరి నాది ప్రభూ?” అన్నాడు తిరుకాళయ్య.

“నీది ఇవ్వను. దీన్ని వేసుకుని తీర్పు చెబుతాను. భుజం మీద పరాయి గుర్తుంటే నోరు కొంచెం అదుపులో ఉంటుందేమో చూద్దాం. దానికి బదులు ఏం కావాలో అడుగు.”

“తీర్పుకు ముందు ఒక ప్రశ్న. ప్రభువులు ఇందాక అడిగారే, అదే. ప్రతిసారీ.”

“ఇచ్చాను” అన్నాడు రాజు. మెడలోని ముత్యాల హారం తీసి లేఖకుడి మెడలో వేశాడు. తిరుకాళయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా పరిశీలించాడు.

“ఏం చూస్తున్నావు?”

“గుర్తు ప్రభువులదేనా అని. పరాయి గుర్తుంటే నా గంటం పట్టే చెయ్యి పోతుంది గదా.”

రాజు మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రం తిరుకాళయ్య వసారాలో కథను మళ్ళీ రాశాడు. వీధి చివర డప్పులు మోగుతున్నాయి. ఊరేగింపు నిన్న ఆగిన చోటు దాటింది. బాసికం కట్టుకున్న ఓబుళేసు కుడిచేత్తో పెళ్ళికూతురి చేయి పట్టుకుని నడుస్తున్నాడు, గట్టిగా, అప్పుడే మొలిచిన చెయ్యిలా.

రాత దాదాపు పూర్తయింది. ‘ఒక స్త్రీ ఏడ్చెను’ అన్న చోట తిరుకాళయ్య గంటం ఆగింది. ఆ ఆకు తీసి పక్కన పెట్టాడు. కొత్త ఆకు అందుకుని, ఇరవై ఏళ్ళలో మొదటిసారి, ఆ చోట పేరు రాశాడు.

‘మాచమ్మ ఏడ్చెను.’